నిలిచినవారు, పరుగెత్తినవారు

వ్యాయామ విషయంలో అష్టాంగహృదయం వృద్ధులకు అనుకూలంగా లేదు. వాగ్భటాచార్యుడు దినచర్యాధ్యాయంలో వ్యాయామ ఫలాలైన శరీరలాఘవం, కర్మసామర్థ్యం, జఠరాగ్నిదీప్తి, మేదఃక్షయాలను ప్రశంసించి, ఆ వెంటనే దానిని వర్జించవలసిన వారెవరో చెబుతాడు. వాతపిత్త రోగులు, బాలురు, అజీర్ణపీడితులు అందులో ఉన్నారు. వారి నడుమ వృద్ధులూ ఉన్నారు. శాస్త్రవాక్యం ఇంత స్పష్టంగా ఉండగా, అరవై దాటినవారు తెల్లవారకముందే బూట్లు తొడుక్కుని రాజమార్గం వెంట పరుగులు తీయడం ఏమిటని ఒక సంప్రదాయజ్ఞుడు ప్రశ్నిస్తే తేలికగా కొట్టివేయడానికి వీలులేదు.

ఇంతకంటె సూక్ష్మమైన ఆక్షేపం వేదాంతి నుండి వస్తుంది. దేహం తాను కాదని నిశ్చయించుకోవలసిన వయస్సులో దేహానికే ఇంత ఉపచారం ఎందుకు? బ్రాహ్మీముహూర్తం జపధ్యానాలకు విహితమైన కాలం. ఆ పుణ్యఘడియలను పిక్కల పుష్టికి ధారపోయడం వివేకమా?

ఈ రెండు ఆక్షేపాలనూ నగరిలో ఏడుగురు మనుషులు కొన్నేళ్ళుగా తమ పాదాలతో విచారిస్తున్నారు. వారిలో ఎవరూ పండితులు కారు. ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు, వయస్సు 74. ఊరంతా ఆయనను అయ్యవారు అనే పిలుస్తుంది. ఒక మరమగ్గాల యజమాని, 63. రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా జీవితం గడిపి విరమించిన ఆయన ఒకరు. ఇద్దరు చెరకు రైతులు, వరసకు బావా బావమరదులు. భార్యను పోగొట్టుకున్న ఒక దర్జీ. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించిన ఒక అమ్మ. ఈ ఏడుగురిలో ఆమె ఒక్కతే స్త్రీ, అందరికీ ‘సిస్టరమ్మ’.

నగరి రెండు భాషల సంధిస్థానం. ఒక దిక్కున తిరుత్తణి సుబ్రహ్మణ్యుడు, మరొక దిక్కున నారాయణవనంలో కల్యాణవేంకటేశ్వరుడు, ఇంకొంత దూరాన నాగలాపురంలో మత్స్యావతారమూర్తి వేదనారాయణుడు. ఊరి పక్కగా సాగే కుశస్థలి తమిళదేశంలో ప్రవేశించి, పూండి జలాశయం దాటి ఎన్నూరు వద్ద సముద్రాన్ని చేరుతుంది. పట్టణానికి నేపథ్యంగా నిలిచిన కొండల్లో ఒక శిఖరం మనిషి ముక్కులా పొడుచుకొని ఉంటుంది; పూర్వం బంగాళాఖాతంలో ప్రయాణించే నావికులు దానిని తీరచిహ్నంగా గుర్తుపట్టేవారట. ఉషఃకాలంలో ఆ ముక్కు మీద తొలికాంతి పడేసరికి ఈ ఏడుగురూ కుశస్థలి వంతెన చేరాలి. వారి గడియారం అదే. మరమగ్గాల చప్పుడు రాత్రంతా మోగి, ఆ వేళకు కొన్ని సందుల్లో మాత్రమే వినబడుతూ ఉంటుంది.

మొదటి ఆక్షేపానికి సమాధానం వాగ్భటుని గ్రంథంలోనే దొరుకుతుంది. శారీరస్థానంలో ఆయన వయోవిభాగం చేస్తూ 16 ఏళ్ళ వరకు బాల్యం, 70 ఏళ్ళ వరకు మధ్యవయస్సు, ఆపైన క్షయకాలం అంటాడు. ఆ లెక్కన ఏడుగురిలో ఆరుగురు మధ్యవయస్కులే! పదవీ విరమణ పత్రం చేతికందిన నాడే వార్ధక్యం ఆవహించిందని భావించే వ్యామోహం ప్రభుత్వ నిబంధనల వల్ల వచ్చినదే గాని ఆయుర్వేదం వల్ల వచ్చినది కాదు. నిషేధం నిజంగా వర్తించేది ఒక్క అయ్యవారికి. ఆయన దానిని ఎరుగుదురు, తనదైన పద్ధతిలో పాటిస్తారు కూడా. నూరడుగులు పరుగు, నూరడుగులు నడక. లెక్కల మాస్టారు గనుక పొరపాటు పడరు.

పైగా శాస్త్రం ఎక్కడా పూర్తిబలంతో వ్యాయామం చేయమనలేదు. బలవంతుడు సైతం, అదీ శీతకాల వసంతాలలో, అర్ధశక్తితోనే చేయాలి. తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలి. అర్ధశక్తి అంటే ఎంత? సుశ్రుతుడు దీనికి చక్కని లక్షణం చెప్పాడు. హృదయస్థానంలో ఉన్న వాయువు ముఖాన్ని చేరడం, అనగా ముక్కుతో సాగే శ్వాస చాలక నోరు తెరవవలసి రావడం, బలంలో సగం ఖర్చయినదనడానికి గుర్తు. నేటి శిక్షకులు వయోధికులైన పరుగరులకు చెప్పే తొలి సూత్రం కూడా ఇదే: పక్కవానితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే వేగం. మాట తెగిందంటే హద్దు దాటినట్లు. నగరి బృందానికి ఈ పరీక్ష ఎన్నడూ కష్టం కాలేదు. బావా బావమరదులు చెరకు ధర గురించి వాదులాడుకోవడం మానివేస్తే చాలు, వేగం ఎక్కువైందని తక్కినవారు గ్రహిస్తారు.

వారి నిత్యక్రమం సరళం. మొదటి పది నిమిషాలు నడక మాత్రమే, ఎందుకంటే వయస్సు మళ్ళినకొద్దీ స్నాయువులు వేడెక్కడానికి వ్యవధి కోరుతాయి. ఆపైన మందగమనంతో పరుగు. వంతెన మీద కొంత విశ్రాంతి, తిరుగు ప్రయాణం, చివర మళ్ళీ నడక. వారానికొకసారి కొంచెం దీర్ఘమైన దూరం. శనివారం పరుగు లేదు. కొందరికి ఉపవాసం, అందరికీ విరామం. ఇంటికి వెళ్ళాక రాగి అంబలి. ఇంతే. ఇందులో రహస్యమేమీ లేదు, మానకపోవడమే దుర్లభం. పతంజలి అభ్యాసానికి చెప్పిన మూడు విశేషణాలు ఇక్కడ గుర్తుకు రావాలి: దీర్ఘకాలం జరగాలి, నిరంతరంగా జరగాలి, ఆదరంతో జరగాలి. ఈ మూడవదాన్ని చాలామంది మరచిపోతారు. ఆదరం లేని నైరంతర్యం యంత్రానిది.

దేహధర్మం ఎలాగూ తన పని తాను చేస్తుంది. ముప్ఫై ఏళ్ళు దాటాక శరీరం ప్రాణవాయువును వినియోగించుకొనే గరిష్ఠసామర్థ్యం ప్రతి దశాబ్దానికి దాదాపు 10 శాతం తగ్గుతుంది. నిత్యాభ్యాసం గలవారిలో ఆ క్షీణత నెమ్మదిస్తుందే గాని ఆగదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1984లో మొదలుపెట్టి, 50 ఏళ్ళు దాటిన పరుగరులను, పరుగెత్తనివారిని రెండు దశాబ్దాలపాటు పరిశీలించారు. 19 ఏళ్ళు గడిచేసరికి పరుగెత్తనివారిలో 34 శాతం మరణించగా, పరుగరులలో మరణించినవారు 15 శాతం. పరుగువల్ల మోకాళ్ళు అరిగిపోతాయనే భయానికి కూడా ఆ పరిశీలన ఆధారం చూపలేదు. అయితే ఆరోగ్యవంతులే పరుగుకు పూనుకొంటారు గనుక ఫలమంతా పరుగుదేనని చెప్పడం తర్కానికి నిలవదు. పరిశోధకులు ఆ భేదాలను సరిచూసి లెక్కించినా, కొంత సందేహం ఉంచుకోవడం మంచిది. పరుగెత్తినవారిలోనూ 15 శాతం మరణించారు. మృత్యువును పరుగుతో దాటిన వాడు లేడు.

రెండవ ఆక్షేపం, దేహాభిమానం గురించినది, ఇంత సులభంగా తీరదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథమన్నది. రథాన్ని రథికుడని భ్రమించడం అవివేకం. కాని ఇరుసుకు చమురు పెట్టకపోవడం వైరాగ్యం కాదు. గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో ఆహారంలో, విహారంలో, చేష్టలో, నిద్రలో, మేలుకోవడంలో మితం పాటించినవానికే యోగం దుఃఖనాశకమవుతుందన్నాడు. ‘విహారం’ అన్న పదాన్ని దాటవేసి చదివే అలవాటు భక్తులలో కొంత ఉన్నది.

దేహాభిమానం ప్రవేశించే ద్వారం పరుగు కాదు, పరుగును కొలిచే సంఖ్య. మగ్గాల యజమానికి బెంగుళూరులో ఉన్న కుమారుడు ఒక చేతిగడియారం పంపాడు. అది ఉపగ్రహాల ద్వారా దూరాన్ని, వేగాన్ని, నాడీస్పందనను లెక్కిస్తుంది. తొలినాళ్ళలో వినోదంగా ఉండేది. క్రమంగా ఆయన వంతెన చేరగానే కొండవంక చూడడం మానివేసి మణికట్టు చూసుకోవడం మొదలుపెట్టాడు. జనవరిలో చెన్నైలో జరిగే మారథాన్‌తోపాటు 10 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. దానిని గంటలోపు పూర్తిచేయాలన్న సంకల్పం కలిగింది. నడుం వంగినా, పళ్ళూడినా, చేత కర్ర పట్టినా ఆశ మాత్రం వీడదని భజగోవిందకర్త చేసిన హెచ్చరిక ధనాశకే పరిమితం కాదు. నిమిషాల మీద ఆశ కూడా ఆశే. వాగ్భటుడు అతివ్యాయామాన్ని, సాహసాన్ని నిందిస్తూ ఏనుగును ఈడ్వబోయి నశించే సింహాన్ని దృష్టాంతంగా చూపాడు. సింహానికి బలం లేక కాదు, కొలత లేక నశిస్తుంది.

ఇక సాహచర్యం మాట. ఇక్కడ ఒక శాస్త్రవిరోధం వంటిది ఎదురవుతుంది. హఠయోగప్రదీపిక యోగాన్ని నాశనం చేసే ఆరింటిలో అత్యాహారాన్ని, అతిప్రయాసను, అతిభాషణాన్ని చెప్పి, జనసంగాన్ని కూడా చేర్చింది. యోగసిద్ధికి సాధకమైన ఆరింటిలోనూ ఉత్సాహ ధైర్యాదులతో పాటు జనసంగ పరిత్యాగం ఉన్నది. గుంపుగా పరుగెత్తేవారికి ఇది ప్రతికూలంగా కనిపిస్తుంది. కానీ జనసంగం వేరు, సత్సంగం వేరు. ఎవరితో కూడితే మనస్సు చెదురుతుందో అది జనసంగం; ఎవరితో కూడితే తన దోషం తనకు కనబడుతుందో అది సత్సంగం. ఈ భేదం మాటల్లో తేలిక. నగరి బృందానికి అది ఒక కార్తికమాసపు ఉదయం పరీక్షగా వచ్చింది.

వంతెనకు ముందున్న చిన్న ఎత్తు మీద మగ్గాల యజమాని అందరికంటె ముందు ఉన్నాడు. హఠాత్తుగా ఆగి, పిట్టగోడ పట్టుకొని వంగాడు. తక్కినవారు చేరేసరికి ముఖం చెమటతో తడిసి ఉంది.

“ఏమప్పా, ఎట్లుండాది?” అన్నారు అయ్యవారు.

“ఏమీ లేదయ్యోరూ. గ్యాసు. రాత్రి జాస్తి తినేసినా.”

సిస్టరమ్మ అప్పటికే ఆయన మణికట్టు పట్టుకుంది. “గ్యాసైతే ఎడం చెయ్యి ఎందుకు లాగతాదన్నా? ఇప్పుడే తిరుపతికి పోదాం, లెయ్యండి.”

ఆయన లేవలేదు. చేతులు జోడించాడు. కూతురి పెళ్ళి పదిహేను రోజుల్లో ఉంది. ఇంట్లో తెలిస్తే పెళ్ళి ఆగిపోతుంది, ఆ పిల్లకు చెప్పవద్దని అందరినీ బతిమాలాడు. కాసేపటికి నొప్పి తగ్గింది. నడుచుకుంటూ ఇల్లు చేరాడు.

స్నేహధర్మం ఇక్కడ రెండుగా చీలుతుంది. మిత్రుడు చేతులెత్తి కోరినప్పుడు రహస్యం కాపాడడం స్నేహమా? అతని ఇంటికి వెళ్ళి చెప్పడం స్నేహమా? గీత పదిహేడవ అధ్యాయం వాఙ్మయ తపస్సును నిర్వచిస్తూ సత్యం, ప్రియం, హితం అనే మూడింటినీ కలిపి చెప్పింది. మూడూ ఒకేచోట కుదరని పూట ఏది వదలాలో మాత్రం సాధకునికే విడిచింది. దర్జీ చెప్పేద్దామన్నాడు. రైతులు వద్దన్నారు. ఆ రోజంతా ఫోన్లలో వాదం నడిచింది.

మరునాడు అందరూ వంతెన వద్దకు వచ్చారు. మగ్గాల యజమాని కూడా వచ్చాడు, ఏమీ జరగనట్లుగా. అయ్యవారు బూట్లు విప్పి పిట్టగోడ మీద కూర్చున్నారు.

“నువ్వు డాక్టరు దగ్గరికి పొయ్యేదాకా మేమెవురం పరిగెత్తం. నీ ఇంట్లోనూ చెప్పం. ఈడ్నే కూచోనుంటాం.”

ఒకరి తరువాత ఒకరు కూర్చున్నారు. ఆయన నవ్వాడు, కోపగించాడు, ఒంటరిగా నాలుగడుగులు పరుగెత్తి వెనుకకు చూశాడు. ఎవరూ లేవలేదు. సూర్యుడు కొండ ముక్కు దాటి పైకి వచ్చేదాకా అలాగే ఉండిపోయారు. ఈశావాస్యోపనిషత్తు ఆత్మతత్త్వాన్ని వర్ణిస్తూ, అది కదలక నిలిచి ఉండియే పరుగెత్తే ఇతరులను దాటిపోతుందని చెప్పిన విషయాన్ని అయ్యవారు బహుశా ఏ ప్రవచనంలోనో విని ఉంటారు. ఆ పూట మాత్రం ఆయన తత్త్వం మాట్లాడలేదు. తన మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చున్నారు.

ఆ మరునాడు కూడా అంతే. ఆ రాత్రి ఆయన తానే కూతురిని పిలిచి చెప్పాడు. మూడవ ఉదయం ఏడుగురిలో ఒకరు వంతెనకు రాలేదు. తండ్రీ కూతుళ్ళు తిరుపతికి వెళ్ళే దారిలో ఉన్నారు. పరీక్షలలో రెండు రక్తనాళాలు పూడినట్లు తేలింది. స్టెంట్లు వేశారు. పెళ్ళి నిశ్చయించిన ముహూర్తానికే జరిగింది. తండ్రి కుర్చీలో కూర్చొని కన్యాదానం చేశాడు.

కథ సుఖాంతం గనుక అయ్యవారి ఉపాయాన్ని కొనియాడాలనిపిస్తుంది. సిస్టరమ్మ ఈనాటికీ ఒప్పుకోదు. “మూడు దినాలు కూచునే దానికన్నా ఆ పొద్దే ఆటోలో వేసుకోని పొయ్యుండాల. ఏమన్నా అయ్యుంటే ఎవురు జవాబు?” అంటుంది. ఆమె మాటే న్యాయం. ఛాతీలో బరువు, ఎడమచేతిలో లాగు, చెమట కలిసి కనబడిన తరువాత ధర్మసూక్ష్మాల విచారణకు అవకాశం లేదు, ఆ గంటలోనే వైద్యుని చేరాలి. అయ్యవారు ఆమె మాటకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

ఆ తరువాతి కాలం మరింత క్లిష్టమైనది. వైద్యులు కొన్ని వారాల తరువాత నడకకు అనుమతించారు, పరుగుకు కాదు. ఆయన మాత్రం ఇల్లు కదలలేదు. నిన్నటిదాకా అందరికంటె ముందు పరుగెత్తినవాడు, తక్కినవారు పరుగెత్తుతుండగా వెనుక నడవడానికి సిగ్గుపడ్డాడు. చేతిగడియారం బీరువాలోకి పోయింది. వైరాగ్యం వల్ల కాదు, అవమానభావం వల్ల. ఈ రెండూ బయటికి ఒకేలా కనబడతాయి. బృందం తన మార్గాన్ని కొంచెం మార్చి ఆయన వీధి గుండా వెళ్ళడం మొదలుపెట్టింది. ఎవరూ తలుపు తట్టలేదు. ఆ గడప ముందు మాత్రం బావా బావమరదుల చెరకు వివాదం అవసరానికి మించి బిగ్గరగా సాగేది.

ఒకనాడు గ్యాంగ్‌మన్ తనకు మోకాలు నొప్పిగా ఉందని, ఇక కొన్నాళ్ళు నడకేనని ప్రకటించాడు. ఒంటరిగా నడవలేనంటూ మగ్గాల యజమానిని లేపుకుని వచ్చాడు. ఆ నొప్పి నిజమో నెపమో ఎవరూ అడగలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా పట్టాల వెంట నడిచిన మోకాలు గనుక నొప్పి ఉన్నా ఆశ్చర్యం లేదు.

దర్జీ సంగతి కూడా చెప్పాలి. ఆయనకు ఈ గంట తప్ప రోజులో మాట్లాడే మనిషి లేడు. శోకంతో పరుగు ప్రారంభించినవారు లోకంలో చాలామంది ఉన్నారు. పంజాబులో 1911లో జన్మించిన ఫౌజాసింగ్ భార్యను, కుమారుణ్ణి పోగొట్టుకున్న తరువాత ఇంగ్లండులో పరుగును ఆశ్రయించాడు. 89వ ఏట, 2000లో, లండన్‌లో తొలి మారథాన్ పరుగెత్తాడు. నూరేళ్ళ వయస్సులో 2011లో టొరంటోలో ఎనిమిది గంటలకు పైగా శ్రమించి మరొకటి పూర్తిచేశాడు. జన్మపత్రం లేనందున ఆ రికార్డును గిన్నిస్ గ్రంథం అంగీకరించలేదు. 2025 జులైలో, 114వ ఏట, స్వగ్రామం వద్ద రోడ్డు దాటుతూ వాహనం ఢీకొని మరణించాడు. దర్జీ ఆ వార్తను పత్రికలో నుండి కత్తిరించి కుట్టుమిషను పక్కన గోడకు అంటించుకున్నాడు. వయస్సు సంఖ్య చూసి కాదు, శోకం గురించిన వాక్యం చూసి.

భక్తులకు ఇంకా దగ్గరి దృష్టాంతం తిరుమలనంబిది. శ్రీవారి అభిషేకానికి పాపవినాశనం నుండి ప్రతిదినం తీర్థం మోసుకొని వచ్చేవాడాయన. వృద్ధాప్యంలో కూడా మానలేదు. ఒకనాడు స్వామి వేటగాని రూపంలో వచ్చి ‘తాతా, దాహం’ అని అడిగాడని, అభిషేకజలం ఇవ్వనన్నందుకు బాణంతో కుండకు చిల్లుపెట్టాడని, మళ్ళీ అంత దూరం పోలేనని దుఃఖించిన వృద్ధుని కోసం కొండరాతిని బాణంతో కొట్టి ఆకాశగంగను ప్రవహింపజేశాడని సంప్రదాయకథ. నేటికీ తిరుమలలో తన్నీరముదు ఉత్సవం ఆ ఘట్టాన్ని స్మరిస్తుంది. ఇందులో గమనించదగినది ఒకటుంది. స్వామి నంబి సేవను మాన్పించలేదు, ఆయనకు యౌవనాన్నీ ప్రసాదించలేదు. దూరాన్ని తగ్గించాడు. వయస్సుకు తగినట్లు దారి కురచ అయింది, నిత్యకృత్యం మాత్రం మిగిలింది.

నగరి బృందానికి ఏడాదికొకసారి తిరుమలకు నడిచి వెళ్ళే వాడుక ఉంది. శ్రీవారిమెట్టు దారిలో 2388 మెట్లు, అలిపిరి దారిలో 3550. పూర్వం మగ్గాల యజమాని అలిపిరి దారినే పట్టి, తక్కినవారికంటె గంట ముందుగా కొండ చేరి కాఫీ తాగుతూ ఎదురుచూసేవాడు. చికిత్స జరిగిన మరుసటి ఏడు, వైద్యుని అనుమతి తీసుకొని, మళ్ళీ అలిపిరి దారినే బయలుదేరారు. ఈసారి ఆయన అందరికంటె వెనుక. గాలిగోపురం దాటాక దారి చాలాదూరం చదునుగా ఉంటుంది గనుక అక్కడ మాటలు బాగా సాగాయి. మోకాళ్ళమెట్టు వద్ద నిటారు మెట్లు మొదలైనప్పుడు అయ్యవారు లెక్క చెప్పారు: ఇరవై మెట్లు, ఒక విశ్రాంతి. ఇరవై మెట్లు, ఒక విశ్రాంతి. రామానుజులు పాదం మోపడానికి సంకోచించి మోకాళ్ళతో ఎక్కారని చెప్పే ఆ చోట ఏడుగురూ నాలుగోసారో అయిదోసారో కూలబడ్డారు. సిస్టరమ్మ మగ్గాల యజమాని మణికట్టు పట్టుకొని, అయ్యవారి పాత చేతిగడియారం చూస్తూ, ఒక నిమిషం లెక్కపెట్టింది. ఆ నిమిషం చెరకు రైతులు కూడా మాట్లాడలేదు.

“బాగానే ఉండాది,” అంది. తరువాత తిరిగి అయ్యవారి చెయ్యి కూడా లాక్కొని లెక్కపెట్టింది. ఆయన వద్దంటున్నా వినలేదు.

“ఇంక లెయ్యండి, పొద్దు పోతా ఉండాది.”